పులుపు గిట్టని ద్రాక్ష

ఆ ద్రాక్షను మొదటిసారి చూసినవాళ్ళెవరూ దాంతో తెల్ల వైన్ చేస్తారంటే నమ్మరు. కాయ తెల్లగా ఉండదు, పచ్చగానూ ఉండదు. ఎండలో ఆడుకొని వచ్చిన పిల్లల బుగ్గల రంగులో ఉంటుంది. గుత్తి చిన్నది, కాయలు ఒకదాన్నొకటి ఒరుసుకొని బిగుతుగా ఉంటాయి. పేరు గెవుర్ట్స్‌ట్రామినర్. కాలేజీలో పుస్తకంలో ఆ పేరు ఎదురైనప్పుడు దాన్ని పలకడం మానేసి, కళ్ళతో గుర్తుపట్టి దాటుకుంటూ చదివాను. పెనుకొండ దగ్గర కొండవాలులో వైన్ కంపెనీ కౌలుకు తీసుకున్న తోటకు కోతకొచ్చే ఆడవాళ్ళకు ఆ ఇబ్బంది లేదు. వాళ్ళు దాన్ని గులాబీకాయ అంటారు. ఒక కాయ వేళ్ళ మధ్య నలిపితే ఎందుకంటారో తెలుస్తుంది. ముందు గులాబీ రేకుల వాసన, దాని వెనక లిచీ పండు వాసన, చివర్లో అల్లం తరిగినప్పుడు ముక్కుకు తగిలే ఘాటు.

దాంట్లో పులుపు చాలా తక్కువ. మా వైపు ఎండకు ఉన్న కాస్తా పోతుంది. అందుకే ఎండలు ముదరకముందే, తెల్లవారుజాము చల్లదనంలో కోసేస్తారు. ఈ పులుపు సంగతి నాకు బాగా తెలుసు. తెలిసి కూడా చాలా రోజులు దాన్ని పట్టించుకోలేదు.

నేను ఫుడ్ టెక్నాలజీ చదివాను. హిందూపురం దాటి, సరిహద్దుకు అవతల కర్ణాటకలో ఉన్న ఆ కంపెనీలో పాప పుట్టకముందు వరకూ పనిచేశాను. మొదట ల్యాబ్‌లో, తర్వాత వచ్చినవాళ్ళకు వైన్ రుచి చూపించే బల్ల దగ్గర. ఏ వైన్ ఏ తిండితో కుదురుతుందో చెప్పడం నా పని. మా అత్త బంధువులందరికీ "మా కోడలు జ్యూసు ఫ్యాక్టరీలో చేస్తాది" అని చెప్పుకుంది. నేనెప్పుడూ దిద్దలేదు.

పాపకు ఎనిమిదో నెల నడుస్తుండగా కంపెనీ ఇన్‌చార్జి సారు ఫోన్ చేశాడు. అప్పుడప్పుడే చలి మొదలైంది. పాపను వేపచెట్టు కింద ఎండపొడలో కూర్చోబెట్టుకొని ఉన్నాను.

"ఏమ్మా, పాప బాగుండాదా? ఆ గులాబీకాయ వైన్ సీసాలకెక్కింది. వచ్చే నెల బెంగళూరు హోటళ్ళోళ్ళు భోజనానికొస్తాండారు. మన పక్క వంటలతో ఇది నప్పుతాదని చూపించల్ల. నువ్వు చూపించినావంటే ఆ బల్ల మల్లా నీదే. లేదంటే పైనోళ్ళు బెంగళూరు నుంచి ఎవర్నో షెఫ్‌ను పెడ్తామంటాండారు. చీజు ముక్కలూ బిస్కెట్లూ పెట్టి నడిపిస్తాడంట."

నాకా బల్ల కావాలి. ఎంతగా కావాలో ఆ ఫోన్ పెట్టేసిన తర్వాతే నాకు తెలిసింది. మా ఆయన ముదిగుబ్బ అవతల సోలార్ ప్లాంట్‌లో పనిచేస్తారు, శనివారం సాయంత్రం వచ్చి సోమవారం తెల్లారి బస్సెక్కుతారు. హిందూపురం ఇంట్లో మిగతా రోజులు అత్త, నేను, పాప. అత్త చెడ్డది కాదు. కానీ పాప పుట్టినప్పటి నుంచి ఆమెతో గానీ, ఆయనతో గానీ, మా అమ్మతో గానీ నేను మాట్లాడిన మాటలన్నీ పాలు, విరేచనం, జ్వరం, బరువు. ఒక మనిషి నన్ను వేరే ప్రశ్న అడిగి చాలా కాలమైంది.

దానికి తోడు నా భయాలు. నిద్రపోతున్న పాప ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి ఉందో లేదో చూస్తాను. ఉందని తెలిశాక, నా వేలికి తగిలింది ఫ్యాన్ గాలేమో అనుకొని మళ్ళీ చూస్తాను. టీకాలకని పుట్టపర్తి పోయినప్పుడు డాక్టరమ్మను అడిగాను, పాలిచ్చేవాళ్ళు వైన్ నోట్లో పోసుకొని ఉమ్మేయొచ్చా అని. ఆమె నవ్వింది. "ఉమ్మేస్తే ఏం కాదు, నోరు కడుక్కో" అంది. అయినా నేను పాపకు పాలిచ్చి పడుకోబెట్టాకే సీసా తీసేదాన్ని. ఒక్క గుక్క నోట్లో తిప్పి, పెరట్లో బట్టలుతికే బండ దగ్గరకు పరుగెత్తి ఉమ్మి, రెండు చెంబుల నీళ్ళతో పుక్కిలించి, అప్పటికీ పాప లేచి ఏడిస్తే కాసేపు ఒళ్ళోకి తీసుకోవడానికి భయపడేదాన్ని.

కంపెనీ పంపిన సీసాను పేపర్లో చుట్టి, ఫ్రిజ్‌లో దోసెపిండి గిన్నె వెనక పెట్టాను. మా వైపు వంటలంటే ఏవి? నాటుకోడి పులుసు, రాగిసంకటి. వంకాయ పులుసు. శనక్కాయలు రోట్లో నూరే ఊరిబిండి. చింతకాయ తొక్కు. కాలానికి తగ్గట్టు అనపకాయలు వచ్చేశాయి కాబట్టి పితికినపప్పు. గింజల్ని రాత్రి నానేసి, పొద్దున ఒక్కొక్కటీ బొటనవేలితో నొక్కి పొట్టులోంచి జారగొట్టి వండే కూర. అత్త చేతివంట గొప్పది. చుట్టాలొస్తున్నారంటే గౌరవం కొద్దీ కారం ఇంకో గరిటె వేస్తుంది, ఆ కారానికి సరిపడా చింతపండు పిసుకుతుంది. కంపెనీలో హోటళ్ళవాళ్ళకు భోజనమని అత్తకు చెప్పాను గానీ వైన్ మాట ఎత్తలేదు. ప్రతి వంటలోనూ ఆ గౌరవం కనిపించింది.

ప్రతి వంటా ఆ వైన్‌ను చంపేసింది. చింతపండు పులుపు నాలుక మీద ఉండగా వైన్ పోస్తే గులాబీ పోతుంది, లిచీ పోతుంది, సబ్బు కరిగిన నీళ్ళు మిగులుతాయి. మిరపకారం తర్వాత పోస్తే గొంతంతా మంట. పులుపు లేని వైన్ ఎదురుగా పులుపు పెడితే అది నిలబడలేదు. ఇది పుస్తకంలో ఉన్న మాటే. కానీ మా వంటింట్లో పులుపు తీసేస్తే ఏం మిగులుతుందో నాకు తట్టలేదు. ఒకరోజు మధ్యాహ్నం పులుసన్నం ముందు పెట్టుకొని, ఒక ముద్ద తిని, ఒక గుక్క తీసుకొని, బండ దగ్గర ఉమ్మి వచ్చి, ఆ కంచం ముందే కూర్చొని ఏడ్చాను. అత్త వంటింటి గడప దగ్గర నిలబడి చూసింది. 

నన్ను అడక్కుండా ధర్మవరంలో మా అమ్మకు ఫోన్ చేసింది. ఏమందో తర్వాత మా అమ్మే చెప్పింది.

"వదినా, నీ కూతురు మల్లా నీళ్ళోసుకున్నట్లుండాది. పొద్దుగూకులూ ఏందో ఒగటి వాసన చూస్తాది, ఇంత నోట్లో వేసుకుంటాది, పరిగెత్తుకోని పోయి బండకాడ ఉమ్ముతాది. ఈ పొద్దు కూడు ముందర పెట్టుకోని యాడిసింది. నాతో చెప్పేదానికి సిగ్గేమో."

మర్నాడు పొద్దున రైలుకు అమ్మ దిగింది. చేతిలో బుట్ట, భుజాన సంచి. గేటు తీసి లోపలికి రాకముందే మొదలుపెట్టింది.

"ఎన్నో నెల?"

"ఎనిమిదో నెల. నీకు తెలీదామ్మా?"

"పాపది గాదే నేనడిగేది. కడుపులో దానిది."

"కడుపులో ఉప్మా ఉండాది. పొద్దున తిన్న్యా."

అమ్మ బుట్ట కింద పెట్టి అత్త వైపు చూసింది. అత్త నా వైపు చూసింది. "మరి ఆ ఉమ్మేదెందుకమ్మా?" అంది మెల్లగా.

ఫ్రిజ్‌లోంచి సీసా తీసి, పేపరు విప్పి చాపమీద పెట్టాను. సంగతంతా చెప్పాను, ఫోన్ వచ్చింది దగ్గర్నుంచి. అమ్మకు మొదట ప్రాణం కుదుటపడింది. అది మొహంలో కనిపించింది. ఆ వెంటనే కోపం వచ్చింది.

"బిడ్డకు పాలిస్తా సారాయి తాగుతాండావా?"

"తాగలేదమ్మా. ఉమ్మేస్తాండా."

"ఇన్ని దుడ్లు పోసి చేసేది ఉమ్మేసేదానికా? బాగుపడ్తాది మీ కంపెనీ."

"నేను చూస్తి వదినా దాన్ని," అంది అత్త. "మూత తీస్తే పన్నీరు వాసనొచ్చ. దేవుని పటాలకు చల్లేదేమోనని మల్లా ఆడనే పెడ్తి. చల్లింటే ఏమయ్యేదో!"

అమ్మకు నవ్వొచ్చింది గానీ ఆపుకుంది. నా చెయ్యి పట్టుకొని మణికట్టు చుట్టూ వేళ్ళు బిగించి చూసింది. "కడుపు లేకపోతే లేదులే. ఈ చేతులేంది, కట్టెపుల్లల మాదిరి? అద్దంలో చూసుకుంటాండావా నువ్వు?" అంటూ బుట్టతో వంటింట్లోకి పోయింది. శొంఠి, మిరియాలు, వాము, వెల్లుల్లి, పాత బెల్లం, ఇంట్లో కాచిన నెయ్యి, బాలింతలకు పెట్టే దినుసులూ బెల్లమూ దంచి చేసి తెచ్చిన కాయం ఉండలు. కడుపు మాట ఇంకా తేలలేదు కాబట్టి, పాలిచ్చే కూతురికి ఏవి పెట్టాలో అవన్నీ సర్దుకొని వచ్చింది. "తెచ్చినేది మల్లా మోసుకోని పోవల్నా?" అని కోడిపిల్లను తెప్పించి, శొంఠి, మిరియాలు, వెల్లుల్లి దంచి, నేతిలో వేసి వండింది. చింతపండు లేదు, మిరపకాయ లేదు.

ఆ వాసన వంటింటి నుంచి రాగానే నా మనసు ధర్మవరంలో మా అమ్మ ఇంటి గదిలోకి పోయింది.

కాన్పు తర్వాత పాపకు మూడో నెల వచ్చేదాకా నేను ఆ గదిలో ఉన్నాను. కిటికీ మూసేవాళ్ళు. చెవుల్లో దూది, తలకు గుడ్డ. పొద్దునా సాయంత్రం సాంబ్రాణి పొగ. పక్కింట్లో మగ్గాలు ఆడుతుంటే ఆ చప్పుడు దూది గుండా ఎక్కడో నీళ్ళ అడుగు నుంచి వచ్చినట్టు వినిపించేది. నా కంచం వేరు, చెంబు వేరు. అమ్మ కంచం గడప లోపల పెట్టి, "వేడి ఉన్నప్పుడే తిను, నీళ్ళు ఎక్కువ తాగొద్దు" అని పోయేది. ఆమెకూ పనులుండేవి. చూడ్డానికొచ్చిన వాళ్ళు పాపను చూసి, పాప ఎవరి పోలికో చెప్పుకొని, నా మంచం వైపు ఒకసారి తలూపి వెళ్ళిపోయేవాళ్ళు. ఇదే అన్నం, ఇదే శొంఠి, ఇదే మిరియం, ఇదే నెయ్యి. రోజూ గోడ వైపు తిరిగి తిన్నాను. రుచిగా ఉందా లేదా అని ఒక్కసారి కూడా ఆలోచించలేదు. అది మందు, రుచి చూసేది కాదు.

ఆ మధ్యాహ్నం హిందూపురం ఇంట్లో చాపమీద కూర్చొని మొదటిసారి దాని రుచి చూశాను. నెయ్యి నాలుక మీద మెత్తగా పరుచుకుంది. శొంఠి వేడి గొంతు దాకా నెమ్మదిగా దిగింది. మిరియం ఘాటు మిరపకాయలా కరవలేదు, వచ్చి కాసేపుండి పోయింది. ఎక్కడా పులుపు లేదు. చెయ్యి కడుక్కోకుండానే లేచి సీసా తీశాను.

"ఒసే, మల్లానా?" అంది అమ్మ.

వైన్ నోట్లో పోసుకున్నాను. అందులోని అల్లం వాసన శొంఠిని తాకగానే రెండూ ఒకే దినుసు అయినట్టు అనిపించింది. గులాబీ అప్పుడు లేచింది. అంతకుముందు ఏ వంటతోనూ అలా లేవలేదు. చివర్లో ఆ ద్రాక్షకుండే కొంచెం చేదు మెంతిచేదు లాగా నేతి జిడ్డును తుడిచేసింది. బండ దగ్గరకు పోయి ఉమ్మి వచ్చాను. కాయం ఉండ కొరికి మళ్ళీ పోసుకున్నాను. బెల్లంతోనూ కుదిరింది, ఇంకా బాగా కుదిరింది.

"అమ్మా, ఇది కుదిరింది."

"ఏది?"

"నువ్వు చేసిన పథ్యం. ఈ వైన్‌కు."

అమ్మ నా కంచం తీసి పక్కన పెట్టింది. "దానికీ దీనికీ ఏం పొత్తే? ఇది తినేవాళ్ళు అది తాగరు. అది తాగేవాళ్ళు ఇది తినరు."

ఆ మాట నిజమే. వైన్ నుంచి ఎంతో దూరంలో మూసిన గదిలో తినే కూడు అది. అమ్మ వంటింట్లోకి పోయి అత్తతో మాటల్లో పడింది, ఇద్దరూ పక్కవీధి పెళ్ళి గురించి మాట్లాడుకున్నారు. నేను కనుక్కున్నది చెప్పడానికి నాకు మనిషి లేడు. ఆయనకు ఫోన్ చేస్తే షిఫ్ట్‌లో ఉన్నారు.

భోజనం రోజు దాకా అమ్మ ఉండిపోయింది. కంపెనీలో అడుగు పెట్టనని ముందే చెప్పేసింది. కానీ ఇంట్లో వండి పెడతానంది. తెల్లారి లేచి ఇద్దరూ వండారు. మిరియాల కోడి, నెయ్యీ వెల్లుల్లీ వేసిన అన్నం, చింతపండు లేకుండా కొబ్బరీ మిరియాలతో పితికినపప్పు. కాయం ఉండలు ముందురోజే చేశారు. పితికినపప్పు దగ్గర అత్త చింతపండు వైపు రెండుసార్లు చెయ్యి చాపింది. "బయటోళ్ళకు ఇట్ల చప్పిడి పెడ్తే మనకేం మర్యాద?" అని గొణిగింది. అమ్మ డబ్బా తీసి పై అరలో పెట్టింది.

పాపను అంతసేపు వదిలిపోవడం అదే మొదలు. పాలు పిండి గిన్నెలో పెట్టాను, అది చాలకపోతే ఆవుపాలు నీళ్ళు కలిపి చెంచాతో పట్టమన్నాను, జ్వరం చూసే పుల్ల ఎక్కడుందో చూపించాను. కంపెనీ బండి వచ్చింది. క్యారియర్లు ఎక్కించి నేనూ ఎక్కాను. సరిహద్దు చెక్‌పోస్టు దాటేలోగా అత్తకు ఫోన్ చేశాను. "గమ్మున పో తల్లీ. ఇప్పుడే గదా పోతివి" అని పెట్టేసింది.

హోటళ్ళవాళ్ళు కొంతమంది మగవాళ్ళు, ఒకావిడ. కాగితాల మీద మార్కులు వేసుకునే రకం మనుషులు. మొదటి వడ్డనకు మాటలు తగ్గాయి. రెండో గ్లాసుకు వాళ్ళంతట వాళ్ళే చెయ్యి చాపారు. ఇన్‌చార్జి సారు నా పక్కకొచ్చి, "కొట్టేసినావు పో" అన్నాడు చెవిలో.

ఒకాయన అడిగాడు, ఇది మీ వైపు ఏ పండక్కి చేస్తారని. నేను ఉన్న మాట చెప్పాను. పండక్కి కాదు, కాన్పయిన ఆడవాళ్ళకు పెడతారు అన్నాను. బల్ల చుట్టూ ఒక నవ్వు తిరిగింది. "అయితే మేమంతా ఇప్పుడు బాలింతలమా?" అన్నాడు ఇంకొకాయన. ఆవిడ మాత్రం నవ్వలేదు. ఆమె చెంచాతో అన్నం అడుగు నుంచి తీసుకొని తింటోంది. తర్వాత చెయ్యి కడుక్కునే దగ్గర కన్నడం కలిసిన తెలుగులో నాతో అంది, "నాకెవరూ చేయలేదమ్మా ఇది. మా అమ్మ లేదు. హోటల్ నుంచి డబ్బాలొచ్చేవి." ఇంకేదో అనబోయింది. ఎవరో పిలిస్తే వెళ్ళిపోయింది. ఆమెతో ఇంకాసేపు మాట్లాడాలని నాకు ఎంత అనిపించిందో చెప్పలేను.

అందరూ వెళ్ళాక ఇన్‌చార్జి సారు చెప్పాడు. సంక్రాంతి దాటినాక వారంలో నాలుగు రోజులు రావాలి, బల్ల నాది, వంటల జాబితా నాదే. "ఒగటే మాట. కాన్పు, బాలింత, అవి మాత్రం అనొద్దు. మిరియాల కోడి అను చాలు. మొగోళ్ళు తింటారు గదా."

సరే అన్నాను. నాకు బల్ల కావాలి కదా.

తిరుగు ప్రయాణంలో రొమ్ములు పాలతో బరువెక్కి నొప్పి పుట్టాయి. రవిక తడిసింది, పైట ముందుకు లాక్కున్నాను. మనసులో ఒక లెక్క నడుస్తోంది. పాప బాగా ఏడ్చి ఉంటే? ఏమీ తాగక అలిసిపోయి ఉంటే? అప్పుడు నేను పనికి ఎలా పోగలను? అలా ఏడ్చి ఉండకూడదని దేవుణ్ణి మొక్కుకున్నాను.

ఇంటికి చేరేసరికి పాప అత్త ఒళ్ళో నిద్రపోతోంది. అత్త వేలు నోటి మీద పెట్టుకొని, గర్వంగా, గుసగుసగా చెప్పింది. "ఒక్కసారి గూడా యాడ్వలేదు. నీ పాలయిపోతే ఆవుపాలు చెంచాతో తాగేసింది. నీకోసం చూడనే లేదు పో. నువ్వేం దిగులు పెట్టుకోవద్దు, పనికి పోయిరా."

"చూస్తివా, ఎంత బుద్ధిమంతురాలో," అంది అమ్మ. సంచి సర్దుకుంటోంది, సాయంత్రం రైలుకు.

ఇదే నేను మొక్కుకున్నది. నేను స్నానం చేసి, బట్టలు మార్చుకొని, రెండుసార్లు నోరు పుక్కిలించి వచ్చాను. ఆయన ఫోన్ ఎత్తారు. చెప్పాను. "మంచిదే కదా" అన్నారు. వెనక ఎవరో పిలుస్తున్నారు. "శనివారం మాట్లాడుకుందాం" అని పెట్టేశారు. ఇన్‌చార్జి సారుకు వస్తానని మెసేజ్ పెట్టాను. అమ్మను ఆటో ఎక్కించి వచ్చాను.

పాపను నా పక్కన పడుకోబెట్టుకున్నాను. కడుపు నిండా తాగిన పిల్ల, పెదాలు కొంచెం తెరిచి హాయిగా నిద్రపోతోంది. నాకు నొప్పి ఇంకా పెరిగింది. లేపితే తాగుతుందేమో. చెయ్యి దాని బుగ్గ దాకా పోయింది. లేపలేదు. లేచి గిన్నె తెచ్చుకొని, గోడ వైపు తిరిగి కూర్చొని పాలు పిండుకున్నాను. అది లేచేసరికి ఉంటాయని ఫ్రిజ్‌లో పెట్టాను.